‘కబురు పెడతాం’ అన్న తర్వాత

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పని పోతే చేతికి ఉత్తరం రాదు. సాయంత్రం తూకాలయ్యాక మేస్త్రి నోటి నుంచి ఒక మాట వస్తుంది: ‘‘సరుకు కదలట్లేదు. రేపట్నుంచి రావద్దు, కబురు పెడతాం.’’ ఆ కబురు వారంలో రావచ్చు, పండగ దాటాక రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం ఊడితే మెయిలొస్తుంది, ఆఖరి జీతం లెక్క వస్తుంది, ఏదో ఒక తేదీ అంటూ ఉంటుంది. ఇక్కడ తేదీ ఉండదు. అందుకే ‘నా పని పోయింది’ అని ఒప్పుకోవడానికే చాలామందికి నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ బాకీతోనే గడుస్తాయి.

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇటు భావనపాడు తీరం దాకా ఉన్న జనానికి పని పోవడం కొత్త కాదు. తుపానుకు పోయింది, యంత్రానికి పోయింది, లాక్‌డౌన్‌కు పోయింది, పక్క దేశంలో ప్రభుత్వం మారినా పోయింది. కొత్త పని వెతుక్కోవడంలో వీళ్లకున్నంత అనుభవం తెలుగు నేల మీద ఇంకెవరికీ లేదేమో. అయితే వెతుక్కున్న ప్రతిసారీ పని ఊరికి దూరంగానే దొరికింది. పోయిన పని తాలూకు హక్కు మాత్రం దాదాపు ఎప్పుడూ చేతికి రాలేదు. దానికి కారణం చట్టం లేకపోవడం కాదు. పని చేసినట్టు చూపించే చిన్న కాగితం లేకపోవడం.

ముందు జీడి ఫ్యాక్టరీలో ఆ పనేమిటో చూడాలి. జీడిపిక్కల్ని ఆవిరి మీద ఉడికించి ఆరబెడతారు. కటింగ్ మిషను ముందు కూర్చున్న మనిషి పిక్కను రెండు బ్లేడ్ల మధ్య పెట్టి, కాలితో పెడల్ తొక్కి, చేత్తో మీట తిప్పి పెంకును చీలుస్తుంది. చీలిన పెంకులోంచి జీడినూనె చిమ్ముతుంది. చర్మానికి తగిలితే కాలి, నల్లబడి, పొరలు ఊడుతుంది. ఆముదమో బూడిదో రాసుకుని కూర్చుంటారు. పెంకు తీసిన పప్పును వేడి గదిలో ఎండబెట్టి, పైన ఉన్న ఎర్రటి పొట్టు తీయాలి. ఇదంతా పప్పు విరగకుండా జరగాలి, ఎందుకంటే గుండు పప్పుకొక ధర, బద్దకొక ధర, ముక్కకొక ధర. చివరిది గ్రేడింగ్. 180, 210, 240, 320 అనే అంకెలు కొట్లో డబ్బాల మీద అందరూ చూసినవే. ఒక పౌను బరువుకు దాదాపు ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెప్పే లెక్క అది. అంకె తగ్గే కొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. తక్కెడ లేకుండా, కంటి చూపుతో, వేళ్ల స్పర్శతో ఈ గ్రేడ్లను విడదీసే ఆడవాళ్లు పలాసలో ఇంటింటికీ ఉన్నారు. విదేశీ కొనుగోలుదారు కాగితం మీద రాసుకునే నాణ్యతను వాళ్లు చేతుల్లో పెట్టుకు తిరుగుతున్నారు. ‘నీకేం పని వచ్చు’ అని అడిగితే మాత్రం వాళ్లలో ఎక్కువమంది ‘నాకేం రాదు, పిక్కల పని చేసేదాన్ని’ అనేస్తారు.

ఆ పని ఎందుకు పోతోందంటే పలాసలో వెతికితే సగం జవాబే దొరుకుతుంది. ప్రపంచ జీడిపప్పు ఎగుమతుల్లో భారత్‌ను వియత్నాం 2006 ప్రాంతంలో దాటేసింది. పిక్క కోసే యంత్రాలు, పొట్టు తీసే యంత్రాలు, రంగును బట్టి పప్పును వేరుచేసే యంత్రాలు అక్కడ పెద్దయెత్తున వచ్చాయి. కేరళలోని కొల్లంలో ఒకప్పుడు వేల మంది ఆడవాళ్లు పనిచేసిన ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి తలుపులు మూశాయి. ముడి పిక్కల్లో పెద్ద వాటా ఐవరీకోస్ట్, ఘనా, బెనిన్, టాంజానియా లాంటి ఆఫ్రికా దేశాల నుంచి రావాల్సిందే. అక్కడ ధర పెరిగితే ఇక్కడ బాయిలరు చల్లబడుతుంది. పలాస చుట్టూ రెండు వందలకు పైగా ఉన్న ఫ్యాక్టరీల్లో చాలావరకు చిన్నవి. పప్పు అమ్ముడుపోకపోతే నెల తరబడి పిక్కలు కొని పెట్టుకునే పెట్టుబడి వాటికి ఉండదు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు కూలికివ్వడానికే నగదు లేక ఇబ్బంది పడ్డాయి. 2020లో పెళ్లిళ్లు, మిఠాయి దుకాణాలు ఆగిపోయి గోదాముల్లో పప్పు పేరుకుపోయింది. యజమాని దురాశాపరుడనో, కూలీలు బద్ధకస్తులనో చెప్పుకుంటే కథ సులువుగా ఉంటుంది గానీ, లెక్క అక్కడ తేలదు.

అలా అని యజమాని బాధ్యత తీరిపోయినట్టు కాదు. ఏడాది పాటు, అంటే పన్నెండు నెలల్లో 240 రోజులు, ఒకచోట పనిచేసిన కార్మికురాలిని తీసేయాలంటే నెల ముందు నోటీసు గానీ, ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ లెక్కను 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఉంచింది. దానికి తోడు తీసేసిన కార్మికుల కొత్త నైపుణ్యాల కోసం యజమాని మరో 15 రోజుల వేతనం నిధికి జమ చేయాలని చేర్చింది. అదే కోడ్ ఇంకో చోట వెసులుబాటు యజమాని వైపు పెంచింది: మనుషుల్ని తీసేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలన్న షరతు ఇదివరకు 100 మంది పనిచేసే ఫ్యాక్టరీకి ఉండేది, ఇప్పుడు 300 మందికి పెరిగింది. పలాస ఫ్యాక్టరీలకు ఈ మార్పుతో పెద్ద తేడా లేదు, అంత పెద్దవి ఇక్కడ అరుదు. పరిహారం నియమానికి మాత్రం ఆ అంకెతో పని లేదు, అది చిన్న ఫ్యాక్టరీకీ వర్తిస్తుంది.

రోజుకు 400 రూపాయల చొప్పున ఎనిమిదేళ్లు పనిచేసిన ఆమె లెక్క వేసి చూద్దాం. పరిహారం 48,000. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసేచోట, అయిదేళ్లు దాటినందుకు గ్రాట్యుటీ మరో 48,000. నోటీసు నెలకు 26 రోజుల కూలి 10,400. మొత్తం 1,06,400 రూపాయలు. ‘కబురు పెడతాం’ అనే ఒక్క మాట కింద ఆ డబ్బంతా కనపడకుండా పోతోంది. కబురు పెడతామన్నారు కాబట్టి తీసేసినట్టు కాదు. తీసేయలేదు కాబట్టి పరిహారం లేదు. తాత్కాలికంగా పని ఆపితే సగం వేతనం ఇవ్వాలన్న నియమం వేరే ఉంది గానీ, అది 50 మందికి తక్కువ ఉన్న ఫ్యాక్టరీకీ, సీజను ఫ్యాక్టరీకీ వర్తించదు. చిన్న ఫ్యాక్టరీ కూలి మనిషి ఈ రెండు నియమాల సందులో పడిపోతుంది.

కోర్టుకు వెళ్తే మొదటి ప్రశ్న ‘నువ్వక్కడ 240 రోజులు చేశావని ఏమిటి రుజువు’ అనే. ఆ రుజువు చూపించే భారం మొదట కార్మికుడి మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కిలో లెక్కన కూలి తీసుకునే మనిషి దగ్గర హాజరు పట్టీ ఎక్కడిది? తూకాల పుస్తకం ఉండేది మేస్త్రి దగ్గర. అయితే ఈ మధ్య ఒక మార్పు వచ్చింది. కూలి డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకు ఖాతాలోనో పడుతున్నచోట ప్రతి వారం ఒక తేదీ, ఒక మొత్తం, పంపినవాడి పేరు ఫోనులో నిలుస్తున్నాయి. మెసేజీలు చెరిపేయకుండా ఉంచుకోవడం, రోజూ ఎన్ని కిలోలు కోశారో ఇంట్లో పిల్లల నోటుబుక్కులో రాయించుకోవడం, గుర్తింపు కార్డు ఉంటే ఫొటో తీసి పెట్టుకోవడం: ఖర్చు లేని పనులే. పని ఉన్న రోజుల్లో చేయాల్సినవి కూడా. పని పోయాక రుజువులు పోగేయడం చాలా కష్టం. కార్మిక శాఖకు అర్జీ పెట్టడానికి లాయరు అక్కర్లేదు. కేసు దాకా వెళ్తే ఆడవాళ్లకూ, ఫ్యాక్టరీ కార్మికులకూ 1987 నాటి చట్టం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. దాని ఫోను నంబరు 15100.

పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఉన్నవాళ్ల పరిస్థితి కొంచెం మేలు. ఇ.ఎస్.ఐ.లో ‘అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన’ అనే పథకం 2018 జులైలో మొదలైంది. ఉద్యోగం పోతే సగటు వేతనంలో పాతిక శాతం ఇచ్చేవారు, కోవిడ్ కాలంలో దాన్ని సగానికి పెంచారు. గరిష్ఠంగా 90 రోజులకు, జీవితంలో ఒక్కసారి ఇస్తారు. కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండి, చందా రోజుల షరతు తీరాలి. ఇలాంటిదొకటి ఉందని తెలియక వదిలేసుకున్నవాళ్లే ఎక్కువ. పి.ఎఫ్. విషయంలో 2025 అక్టోబరులో ట్రస్టీల బోర్డు నిబంధనలు మార్చింది. ఉద్యోగం పోయినవాళ్లు ముప్పాతిక వంతు వెంటనే తీసుకోవచ్చు, మిగతా పావు వంతుకు ఏడాది ఆగాలి. పింఛను భాగాన్ని తొందరపడి తీసేసుకోకపోవడం మంచిది. పదేళ్ల సర్వీసు పూర్తయితే పింఛను వస్తుంది. ఏడేళ్లు ఒకచోట చేసినవాడు పాత ఖాతా నంబరే కొత్త యజమానికి ఇస్తే ఆ ఏళ్లు కలుస్తాయి. ఊరు మారిన ప్రతిసారీ కొత్త ఖాతా తెరిచి పాతది మర్చిపోవడం ఇక్కడి వలస కార్మికుల్లో మామూలైపోయింది.

* * *

భావనపాడు వైపు వెళ్తే పని ఆగే తేదీ ముందే తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో ఇంజను పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి చంద్రబాబు ఇదే జిల్లాలోని బుడగట్లపాలెంలో ‘మత్స్యకార సేవలో’ పథకం ప్రారంభించి, అంతకుముందున్న 10,000ను 20,000 రూపాయలు చేశారు. ఆలోచిస్తే ఇది విచిత్రమైన సంగతి. అసంఘటిత రంగంలో ఇంత కచ్చితంగా, ఇన్ని రోజుల పని ఆగుతుంది, ఇంత డబ్బిస్తాం అని ప్రభుత్వం ఒప్పుకున్న నిరుద్యోగ భృతి ఇదొక్కటే అనుకోవచ్చు. తేదీ ముందే తెలిస్తే, కాగితం మీద పేరుంటే, సాయం చేయడం సాధ్యమేనని దీంతో తేలింది. ఆ భృతి కూడా పడవకూ, అందులో వెళ్లే మనుషులకూ నమోదు ఉంటేనే వస్తుంది.

జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద మరపడవలు నిలిచే హార్బరు మాత్రం దశాబ్దాలుగా లేదు. అందుకే ఇక్కడి కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్తారు. అక్కడి వానాకాలం వేట నిషేధం తీరాక ఆగస్టులో బయల్దేరి, వేసవిలో తిరిగొస్తారు. పడవ నడిపే తండేలు తన ఊరివాళ్లనే కలాసీలుగా పోగేస్తాడు. పడవ యజమాని అయిన సేటు ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు ఇంట్లో పాత బాకీకో, పెళ్లికో, పైకప్పుకో ఖర్చయిపోతుంది. సముద్రం మీద చేసే పని ఆ అడ్వాన్సు తీరుస్తూ పోతుంది. సీజను మధ్యలో పని నచ్చకపోయినా, సేటు మాట తప్పినా వదిలి రావడం కుదరదు. అప్పు చేసి ఉద్యోగంలో చేరినవాడికి ఉద్యోగం మానే స్వేచ్ఛ ఉండదు.

2018 నవంబరులో అలా వెళ్లిన పడవలు సరిహద్దు దాటాయంటూ పాకిస్తాన్ పట్టుకుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు కరాచీ జైల్లో ఏడాదికి పైగా మగ్గారు. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు ఇచ్చింది. ఆ ఉదంతమే తర్వాత ‘తండేల్’ సినిమా అయింది. సినిమాకు కథ అక్కడితో అయిపోయింది. వాళ్లు ఊరు చేరి మూడు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. వెరావల్ రేవులో వేల మంది ఆంధ్ర జాలర్లు పడవల మీదే చిక్కుబడ్డారు. దిగడానికి గది లేదు, వండుకోవడానికి సరుకులు అంతంతమాత్రం. ఏప్రిల్ చివర బస్సుల్లో నాలుగు వేల మందికి పైగా స్వరాష్ట్రానికి వచ్చారు. వచ్చేసరికి ఇక్కడ వేట నిషేధం నడుస్తోంది. అదే ఏడాది సీజను మొదలయ్యేసరికి చాలామంది మళ్లీ వెరావల్ రైలెక్కారు. వాళ్లను పిచ్చివాళ్లనడం సులువే. అయితే అడ్వాన్సు ఇచ్చేవాడు, ఫోనెత్తి ‘రారా బావా, ఒక కలాసీ తక్కువున్నాడు’ అనేవాడు ఉన్నది అక్కడే మరి.

పని కోసం ఊరు దాటే ఈ అలవాటు వయసు వందేళ్లకు పైనే. ఆవిరి ఓడల కాలంలో బారువ, కళింగపట్నం, విశాఖ రేవుల నుంచి జనం రంగూన్ వెళ్లేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నరకు పైగా ఉన్నారు. ఓడరేవు మూటలు, బియ్యం మిల్లులు, రిక్షాలు వాళ్ల పనులు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను దింపాయి. సమ్మె తేలి తెలుగువాళ్లు తిరిగొచ్చిన రోజు బర్మావాళ్లను పొమ్మన్నారు. ఒకే పని కోసం ఇద్దరు పేదలను నిలబెట్టిన ఆ ఉదయం వీధుల్లో కత్తులు లేచాయి. ఎందరో చనిపోయారు. 1942లో జపాన్ బాంబులకు భయపడి అడవుల్లో నడిచి వచ్చినవాళ్లు, 1964లో నె విన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక కట్టుబట్టలతో వచ్చినవాళ్లు ఈ తీరంలో మళ్లీ మొదటి నుంచి బతుకు మొదలుపెట్టారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే.

మనిషి వెనక మనిషి వెళ్లే ఈ దారికి బలం ఉంది. దాంతోనే ఇబ్బందీ ఉంది. అమెరికన్ సామాజికవేత్త మార్క్ గ్రానొవెటర్ 1970ల్లో బోస్టన్ దగ్గర ఉద్యోగం మారినవాళ్లను అడిగి చూశాడు. కొత్త ఉద్యోగం సంగతి వాళ్లకు చెప్పినవాళ్లు దగ్గరి చుట్టాలు కారు. ఎక్కువగా అప్పుడప్పుడూ పలకరించుకునే దూరపు పరిచయస్తులు. కారణం తేలికే: మనకు తెలిసినవే మన ఇంటివాళ్లకూ తెలుసు. కొత్త కబురు బయటివాళ్ల దగ్గర ఉంటుంది. పలాస, కవిటి చుట్టూ ఉన్న ఈ ఉద్దానం ప్రాంతపు కుర్రాడికి ఉన్నవన్నీ దగ్గరి బంధాలే. మేనమామ వెరావల్‌లో ఉంటే వెరావల్, పెదనాన్న కొడుకు ఖతార్‌లో వెల్డరయితే వెల్డింగు, ఊరంతా హైదరాబాదు అపార్టుమెంట్ల పనిలో ఉంటే అదే. ఒక చోట దెబ్బ తగిలితే ఊరంతటికీ ఒకేసారి తగులుతుంది. పలాసలో రైల్వే స్టేషను ఉంది. టెక్కలిలో గ్రానైటు పాలిషింగు యూనిట్లున్నాయి, ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ పనిచేసే ఎవరితోనైనా ముఖపరిచయం పెంచుకున్న జీడి కార్మికురాలికి తన వీధిలో ఎప్పటికీ వినపడని ఖాళీ సంగతి తెలుస్తుంది. ఒకసారి పనిచేసిన స్టోరు కీపరు, లారీ డ్రైవరు, బడిలో చదువు చెప్పిన మేష్టారు: ఈ జాబితా రాసుకుని ఒక్కొక్కరికీ ఫోను చేయడం అడుక్కోవడం కాదు.

* * *

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి చెట్లు వేళ్లతో లేచి పడ్డాయి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది, జీడికి మూడు నాలుగేళ్లు. ప్రభుత్వం కొబ్బరికి చెట్టుకింత, జీడికి హెక్టారుకింత అని పరిహారం ఇచ్చింది, తర్వాత పెంచింది కూడా. అది తోట సొంతదారుకు. కాయలు దింపేవాడికి, పీచు తీసేవాడికి, జీడిపండ్ల కింద పిక్కలేరుకునే ఆడమనిషికి చెట్టు లెక్కలో చోటు లేదు. వాళ్ల పని కూడా ఆ తెల్లవారుజామునే పోయింది, ఆరేడేళ్లకు పోయింది. నష్టం అంచనా వేయడానికి వచ్చిన అధికారి చెట్లు లెక్కపెట్టుకున్నాడు. ఆ చెట్టు మీద ఎంతమంది బతుకుతున్నారని రాసుకునే గడి అతని ఫారంలో లేదు. తిత్లీ తర్వాత ఊళ్లు విడిచి వెళ్లిన కుర్రాళ్లలో భూమి లేనివాళ్లే ఎక్కువ ఉండడంలో ఆశ్చర్యం లేదు.

పని పోయినప్పుడు డబ్బుతో పాటు పోయేది ఇంకొకటుంది. ఆస్ట్రియాలో మారియెంథాల్ అనే చిన్న మిల్లు ఊరు ఉండేది. మహామాంద్యం రోజుల్లో మిల్లు మూతపడితే ఊరు ఊరంతా పని లేకుండా మిగిలింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అక్కడికి వెళ్లి గమనించి 1933లో పుస్తకం రాశారు. చేతి నిండా సమయం దొరికినవాళ్లు ఎక్కువ చదువుతారనుకుంటాం. అక్కడ లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లేవాళ్లు తగ్గిపోయారు. మగవాళ్ల నడక నెమ్మదించింది. వాళ్లలో చాలామందికి చేతి గడియారం అవసరం పోయింది. ఆడవాళ్లకు ఇంటి పని మిగిలి ఉంది కాబట్టి వాళ్ల రోజుకు ఓ ఆకారం మిగిలింది. ఉద్దానంలోనూ ఇది కనిపిస్తుంది. గల్ఫ్ నుంచి అర్ధంతరంగా వచ్చేసిన మగాడు టీ బడ్డీ దగ్గర కూర్చుంటాడు, వచ్చేసిన సంగతి మామగారికి చెప్పడు, సెలవు మీద వచ్చానంటాడు. సెలవు నాలుగు నెలలు సాగుతుంది. ఇంట్లో బంగారం బ్యాంకుకు చేరుతుంది. ఉన్న సంగతి మొదటి వారంలోనే ఇంట్లో చెప్పి, బాకీలన్నీ ఒక కాగితం మీద వడ్డీ ఎక్కువున్న క్రమంలో రాసుకుని, నెలకు ఇంత కంటే ఖర్చు వద్దని కూర్చుని తేల్చుకున్న ఇల్లు మిగతావాటికంటే నిలబడుతుంది. ఇదేం గొప్ప కిటుకు కాదు. పరువు అనే అడ్డు దాటడమే ఇందులో కష్టం.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లలో ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. సంపాదించే మనిషికి జబ్బు వస్తే, అతని పనీ, అతన్ని చూసుకునే మనిషి పనీ రెండూ ఆగుతాయి. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు రోజులు పోయేవాణ్ని కూలికి పిలిచేవాడుండడు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. దూరం తగ్గింది, దారి ఖర్చు తగ్గింది. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఆ ఇంటి మిగతావాళ్లు వలస పోలేరు, వాళ్లకు ఇంటి దగ్గరే చేసుకునే పని కావాలి. స్వయం సహాయక సంఘాల ద్వారా జీడిపప్పు, పిండివంటల చిన్న యూనిట్లు పెట్టుకునేవారికి కేంద్రం సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం కింద పెట్టుబడిలో 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ ఉంది. సంఘం సభ్యురాలికి మూలధనంగా 40,000 దాకా ఇస్తారు. గ్రేడింగు చేతికి వచ్చిన మనిషికి ఇది సరిపడే దారే. అమ్మకం ఎవరు చేస్తారన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి. పలాసలో పప్పు తయారుచేసేవాళ్లకు కొరత లేదు.

కొత్త పని నేర్చుకోవాలంటే దగ్గర్లో చోట్లున్నాయి. ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉన్న రాజాంలో ఆంధ్రా బ్యాంకు పెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అక్కడే జి.ఎం.ఆర్. వరలక్ష్మి ఫౌండేషన్ నడిపే నైరెడ్ నిరుద్యోగ యువతకు సెల్‌ఫోను రిపేరు, ఎలక్ట్రికల్ వైరింగు, కుట్టుపని లాంటివి నేర్పుతూ వచ్చాయి. బ్యాంకులు జిల్లాకొకటి నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఫీజు లేదు, ఉండడం తినడం కూడా ఉచితమే. ఆ నమూనా కర్ణాటకలోని ఉజిరెలో 1982లో పుట్టింది. ఇంకొకటి చాలామందికి తెలియదు. ‘ముందే నేర్చుకున్న పనికి గుర్తింపు’ పేరుతో, పనిలో పండినవాళ్లకు చిన్న పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. ఇరవయ్యేళ్లుగా వెల్డింగు చేస్తున్నవాడు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. కొత్తచోట వాణ్ని హెల్పరుగా కాక వెల్డరుగా తీసుకోవడానికి ఆ కాగితం పనికొస్తుంది. రెండింటి మధ్య కూలి తేడా ఎంతో వాడికే తెలుసు.

తొందరలో ఉన్నవాడి చుట్టూ ఏజెంట్లు చేరతారు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకున్నారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని లక్షన్నర తీసుకుని కుర్రాళ్లను కంబోడియా పంపారు. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, మన దేశంవాళ్లనే ఫోనులో మోసం చేసే పనికి కూర్చోబెట్టారు. విదేశీ ఉద్యోగమిప్పించే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషను ఉండాలి. ఉందో లేదో ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో నిమిషంలో చూసుకోవచ్చు. వాడు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే. లక్ష అడిగాడంటే అక్కడే లేచి రావచ్చు. గల్ఫ్ పనులకు వెళ్లేటప్పుడు రెండేళ్లకు 275 రూపాయలకు 10 లక్షల బీమా కూడా దొరుకుతుంది. విజిటింగ్ వీసా మీద పంపి తర్వాత మారుస్తానన్నవాణ్ని నమ్మి వెళ్తే ఈ రక్షణలేవీ వర్తించవు.

* * *

ఇప్పుడు అందరి చూపూ రేవు మీదుంది. దశాబ్దాలుగా భావనపాడు పోర్టు అని పిలిచినదే పేరు మార్చుకుని, 2023 ఏప్రిల్ 19న సంతబొమ్మాళి మండలం మూలపేట దగ్గర శంకుస్థాపన జరుపుకుంది. నాలుగు వేల కోట్ల రూపాయలకు పైబడిన పథకం. మూలపేట, విష్ణుచక్రం ఊళ్లవాళ్లు ఇళ్లు వదలాల్సి వచ్చింది. ఆ చుట్టుపక్కల నౌపడ ఉప్పు మళ్లున్నాయి. సముద్రపు నీటిని మళ్లలోకి పెట్టి, ఎండలకు ఉప్పు తేలితే గట్టుకు లాగి కుప్పపోసే కూలీలకు వానలు పడగానే ఏటా పని ఆగుతుంది. ఈ తీరం పరిశ్రమను గుడ్డిగా నమ్మదు. భావనపాడు పేరుతోనే అనుకున్న 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి కాకరాపల్లి, వడ్డితాండ్ర జనం అడ్డుపడ్డారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ తంపర (చిత్తడి) నేలల్లో చేపా, ఉప్పూ, పంటా పోతే తర్వాత ఏం పని ఇస్తారన్నదే వాళ్ల ప్రశ్న.

రేవు వస్తే ఆ ప్రశ్నకు జవాబు ఎలా ఉండొచ్చో విశాఖ దగ్గర గంగవరంలో చూడొచ్చు. 2009లో మొదలైన ఆ పోర్టుకు తీరం ఇచ్చిన మత్స్యకార కుటుంబాల నుంచి కొందరిని ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. 2023లో వాళ్లే జీతాలు చాలడం లేదని సమ్మెకు దిగారు. ఉద్యోగమిచ్చారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఏ హోదాలో ఇచ్చారు, కాంట్రాక్టరు కిందా కంపెనీ కిందా, జీతం ఎన్నేళ్లకోసారి పెరుగుతుంది, పోర్టు చేతులు మారితే పాత సర్వీసు లెక్కలోకి వస్తుందా అన్నవి మొదటి రోజే కాగితం మీద ఉండాలి. పోర్టు పూర్తయితే కావాల్సింది క్రేను ఆపరేటర్లు, ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు, భారీ వాహనాల డ్రైవర్లు, సరుకు పత్రాలు చూసే గుమస్తాలు. క్రేను నడపడం, భారీ వాహనం లైసెన్సు నెలల్లో వచ్చేవి కావు. సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు మండలాల కుర్రాళ్లు అందుకు తయారవకపోతే గేటు తెరిచిన రోజున వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లు లోపలుంటారు. ఊరివాళ్లకు గడ్డి కోసే పని, కాపలా పని మిగులుతాయి. శిక్షణ సీట్లెన్ని, ఏ ఊరికెన్ని, ఎప్పటి నుంచి అని గ్రామసభలో అడిగి, వచ్చిన జవాబును తీర్మానంలో రాయించుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది.